క్వీన్ మేరీ ఓడలో ఒక రాత్రి

కాలిఫోర్నియాలో లాంగ్‌బీచ్ వెళ్లేవాళ్లు క్వీన్ మేరీని పగలు టికెట్ కొని చూసి వచ్చేయొచ్చు. వీలుంటే మాత్రం ఒక రాత్రి ఉండండి. 1936లో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి తొలిసారి బయల్దేరిన ఓడ ఇది. 1967 డిసెంబర్‌లో ఇక్కడికి చేరింది, ఇప్పుడు హోటల్.

నాకూ నాన్నకూ పాత ఫస్ట్ క్లాస్ గది దొరికింది. చెక్క గోడలు, గుండ్రటి చిన్న కిటికీ. స్నానాల తొట్టికి అప్పటి నాలుగు కుళాయిలు అలాగే ఉన్నాయి: మంచినీళ్లకు రెండు, ఉప్పునీళ్లకు రెండు. సముద్రపు నీళ్లు వేడి చేసి మరీ స్నానానికి ఇచ్చేవారట! గాలి, వెలుతురు బాగా కావాలంటే ఒడ్డున మామూలు హోటలే నయం. నాకైతే ఈ గదే నచ్చింది.

మేం ఇద్దరం హాయిగా పడుకున్న ఈ ఓడని రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, సిడ్నీలో సైనికుల కోసం మార్చేశారు. బూడిద రంగు పూశారు. ఖరీదైన సామాను దింపేసి, నీళ్లు తోడేసిన ఈతకొలనులో కూడా మంచాలు బిగించారు. అవీ చాలక వంతులవారీగా నిద్ర. 1943 జులైలో న్యూయార్క్ నుంచి ఒక్క ప్రయాణంలో 16,683 మంది వచ్చారు. ఆ సన్నటి వరండాల్లో నడిచాకే ఆ లెక్క నాకు అర్థమైంది.

మేం ముందే ఒక మధ్యవర్తి దగ్గర చరిత్ర టూర్ బుక్ చేసుకున్నాం. తీరా చూస్తే చేతికొచ్చినవి దెయ్యాల టూర్ టికెట్లు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. నాన్న చాలా బాధపడ్డారు. టికెట్లు నేరుగా కొనుక్కోండి. అయినా ఈ ఓడలో దెయ్యాల కథలు వెతుక్కోవడం నాకు నచ్చదు. ఇక్కడ నిజంగా తలుచుకోవాల్సిన చావులున్నాయి.

1942 అక్టోబర్ 2న ఐర్లండ్ ఉత్తర తీరం దగ్గర, జలాంతర్గాములకు దొరక్కుండా వంకర టింకరగా వెళ్తున్న క్వీన్ మేరీ, తనకి కాపలాగా వచ్చిన కురకోవా అనే బ్రిటిష్ యుద్ధనౌకని గుద్దింది. ఆ నౌక రెండు ముక్కలైంది. 300 మందికి పైగా చనిపోయారు. క్వీన్ మేరీ లోపల వేలమంది సైనికులున్నారు కాబట్టి ఆగకూడదని ఆజ్ఞ. ఆగలేదు.

రాత్రి భోజనం అయ్యాక నాన్నతో ముందు డెక్ మీదికి వెళ్లాను. రెయిలింగ్ పట్టుకుని ఓడ ముక్కు కొస వైపు చూస్తూ, "ఇక్కడేనామ్మా తగిలింది?" అని అడిగారు. అవునన్నాను. చాలాసేపటి దాకా అక్కడే నిలబడ్డారు.