పాయింట్ 32 రివాల్వర్‌కి తోలు హోల్‌స్టర్: ఏండ్ల తరబడి నడుముకి పెట్టుకున్నంక నా రివ్యూ

నాది నకిరేకల్ దిక్కు, హైవే మీద పెట్రోల్ బంకు. రోజూ క్యాష్ తోని పని, అందుకే లైసెన్స్ తీసుకున్న. గన్ కాన్పూర్‌ల తయారైన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ (సర్కారు ఆయుధాల ఫ్యాక్టరీ) పాయింట్ 32 బోర్ రివాల్వర్, బోర్ అంటే గొట్టం లోపలి సైజు, ఆరు రౌండ్లు (తూటాలు) పట్టేది. ఏ గన్ కొనాలె, రేటెంత, లైసెన్స్ ఎట్ల వస్తది అని చెప్పేటోళ్లు మస్తుమంది దొరుకుతరు గాని, దాన్ని పొద్దున్నుంచి రాత్రి దాకా నడుముకి పెట్టుకుని కూసునుడు, లేచుడు, కారు నడుపుడు ఎట్లనో తెలుగులో చెప్పినోళ్లు నాకైతే కనపడలే, అందుకే రాస్తున్న.

ముందుగాల ఒక్క మాట. హోల్‌స్టర్, అంటే గన్ పెట్టుకునే ఒర, సుఖంగ ఉండుడు అంటే షోకు కాదు, అది సేఫ్టీ సంగతి. గుచ్చుకునే హోల్‌స్టర్ పెట్టుకున్నోడు ఏం చేస్తడంటే మాటిమాటికి చెయ్యి అటు పోనిస్తడు, సర్దుకుంటడు, పదిమందికి అక్కడ ఏదో ఉన్నదని తెలిసిపోతది, ఇంకా చిరాకైతే తీసి కారు డ్యాష్‌బోర్డులో పడేస్తడు, బంకు కౌంటర్ డ్రాయర్‌లో పెడ్తడు. గన్ మన ఒంటి మీదికెల్లి పోయిందంటే అది ఎవరి చేతికి పోతదో మన చేతుల ఉండదు. 2016 ఆర్మ్స్ రూల్స్ కూడా గదే చెప్తున్నయి: పబ్లిక్‌ల హ్యాండ్‌గన్ తీసుకపోతే ఒంటికి తగిలించిన హోల్‌స్టర్‌లనో అసుంటి దాంట్లనో ఉండాలె, పూర్తిగ కప్పి ఉండాలె, మన కంట్రోల్‌ల ఉండాలె. అంటే దాచుకుని పెట్టుకునుడు మన ఇష్టం కాదు, రూలే.

గన్ తోని పాటు దుకాణంల సాధారణంగ అంటగట్టేది నైలాన్ హోల్‌స్టర్. చవక, తేలిక, అన్ని సైజులకి సరిపోతది అంటరు, నా దృష్టిల అదే దాని లోపం. అన్నిటికీ సరిపోయేది దేనికీ గట్టిగ పట్టదు. గన్ బయటికి తీయంగనే దాని మూతి మూసుకపోతది, మళ్ల పెట్టాలంటే రెండో చెయ్యి కావాలె, మెత్తటి అంచు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మి) లోపలికి మడత పడే అవకాశం ఉంటది. ఇది ఎవరు పెట్టుకున్నా నేను వద్దనే చెప్త.

రెండోది కైడెక్స్, గట్టి ప్లాస్టిక్ షీటును వేడి చేసి గన్ ఆకారానికి అచ్చు పోస్తరు. చెమటకి ఏం కాదు, స్క్రూ తిప్పి పట్టు బిగువు, వదులు చేసుకోవచ్చు, మూతి ఎప్పుడూ తెరిచే ఉంటది. మంచి సరుకే, కాదనను. కానీ అది ఏ గన్‌కి అచ్చు పోస్తే ఆ గన్‌కే. ఆన్‌లైన్‌ల కనబడేటియి ఎక్కువ బయటి దేశాల 9 ఎంఎం పిస్టళ్లకి చేసినయి, మన దగ్గర 9 ఎంఎం మామూలు లైసెన్స్‌కి రాని ప్రొహిబిటెడ్ బోర్. మన పాయింట్ 32కి కావాలంటే ప్రత్యేకంగ చేయించుకోవాలె. మా చుట్టాలాయన ఒకాయన చేయించుకున్నడు, కొన్ని రోజులు అడిగి వాడి చూసిన, పట్టు బ్రహ్మాండం, కాకపోతే రివాల్వర్‌కి రౌండ్లు పెట్టే సిలిండర్ కాడ ఉబ్బు ఉంటది కద, ఆ గట్టి ప్లాస్టిక్ ఉబ్బు పక్కటెముకల కింద ఒత్తుకుంట ఉంటది, సన్నటోళ్లకి ఇంకా ఎక్కువ.

అందుకే నేను తోలు దాంట్లనే ఆగిపోయిన. ప్యాంట్ లోపలికి పోయే రకం, మూతి చుట్టూ రెండో పొర తోలు వేసి గట్టి చేసింది, ట్రిగ్గర్ గార్డ్ మొత్తం మూసుకుంటది, హ్యామర్ (గన్ ఎనక లేచి రౌండ్‌ని కొట్టే ముక్క) మీదికెల్లి బొటనవేలుతో విప్పే టిచ్ బటన్ పట్టీ ఉంటది, ఒంటి దిక్కు తోలు కొంచెం పైకి లేచి హ్యామర్ కడుపుకి గుచ్చుకోకుండ అడ్డం ఉంటది. ఈ నాలుగు లేని తోలు హోల్‌స్టర్ ఎంత అందంగ కుట్టినా కొనొద్దు. ట్రిగ్గర్ మూసుకపోవుడు అన్నిటికంటే ముందు.

కొత్తల బిగుతుగ ఉంటది, భయపడొద్దు. గన్ ఖాళీ చేసి, సిలిండర్ రెండుసార్లు కండ్లతో చూసి, వేలు పెట్టి తడిమి, రౌండ్లు వేరే గదిల పెట్టి, గన్‌ని పలుచటి పాలిథిన్‌ల చుట్టి హోల్‌స్టర్‌లకి నెట్టి ఒక రాత్రి ఉంచాలె. పొద్దుగాల తీస్తే తోలు దాని ఆకారానికి వచ్చి ఉంటది. నీళ్లల్ల నానబెట్టుడు, కొబ్బరినూనె రుద్దుడు అసలు చేయొద్దు, నూనెకి తోలు మెత్తబడి మూతి వాలిపోతది, ఇక అది నైలాన్ దానికి తమ్ముడే. పట్టు చూసుకునేదానికి ఖాళీ గన్ పెట్టి హోల్‌స్టర్‌ని మంచం మీద తలకిందులు చేసి ఊపాలె, బటన్ పెట్టకపోయినా జారొద్దు. ఇది ఎందుకంటే బాత్రూంల కూసున్నప్పుడు బెల్ట్ విప్పుతం, అప్పుడే ఎక్కువ జారిపడ్తయి.

ఇగ అసలు సంగతి బెల్ట్. హోల్‌స్టర్ బాగలేదని తిట్టేటోళ్లల్ల సగం మందికి తప్పు బెల్ట్‌ది అని నా గట్టి నమ్మకం. ఈ రివాల్వర్ దాదాపు 700 గ్రాములు, మీద రౌండ్ల బరువు. మామూలు ఫార్మల్ బెల్ట్ ఆ బరువుకి ఒక దిక్కు వంగిపోతది, గన్ బయటికి వాలుతది, వాలినప్పుడల్లా పైకి లాక్కుంటం, సాయంత్రానికి నడుము ఒక పక్క గుంజుతది. ఇంచున్నర వెడల్పు, రెండు పొరల తోలు కుట్టింది, చేతిల అడ్డంగ పట్టుకుంటే వంగకుండ నిలబడే బెల్ట్ తీసుకోండి. నేను బెల్ట్ మార్చిన రోజే అదే హోల్‌స్టర్ కొత్తదాని లెక్క అయింది. 500 గ్రాముల తేలిక రివాల్వర్ నిర్భీక్ ఉన్నోళ్లకి కొంచెం నయం గాని, వాళ్లకి కూడా మంచి బెల్ట్ కావాల్సిందే. ప్యాంట్ కూడా నడుము రెండించులు ఎక్కువ కుట్టించుకోవాలె, 34 వేసుకునేటోళ్లు 36. పాత ప్యాంట్లల్ల ఇరికించుకుంటే ఏ హోల్‌స్టరూ సుఖం ఇయ్యదు.

ఎక్కడ పెట్టుకోవాలె? బొడ్డును పన్నెండు గంటలు అనుకోండి, కుడి తుంటి మూడు, నడుము వెనుక మధ్యల ఆరు. నాకు మూడు కాడ తుంటి ఎముక మీద ఒత్తింది, ప్లాస్టిక్ కుర్చీ చెయ్యికి పిడి టక్కున తగులుతది కూడా. ముందు దిక్కు పెట్టుకుంటే కింద కూసుని భోజనం చేసేటప్పుడు గొట్టం తొడలకి గుచ్చుతది, పైగ పొట్ట ఉన్నోళ్లకి కుదరదు. ఆరు కాడ పెట్టుకునేటోళ్లని చూసిన, సినిమాల చూసి అట్ల పెట్టుకుంటరు, దయచేసి మానుకోండి, బైక్ మీదికెల్లి ఎనక్కి పడితే ఆ ఇనుము నేరుగ వెన్నెముక మీద పడ్తది, ఇంకోటి ఎనకనుంచి ఎవడన్నా గుంజుకున్నా మనకు కనపడదు. నాకు నాలుగు గంటల కాడ, తుంటి ఎముక దాటినంక ఉండే పల్లం సరిగ్గ కుదిరింది. మీ ఒంటికి మూడున్నర కావచ్చు, ఒక్కో జాగల వారం చొప్పున ఖాళీ గన్‌తో ఇంట్లనే తిరిగి చూసుకోండి.

వంపు గురించి వివరంగ చెప్త, ఎందుకంటే నాకు తేడా తెలిసింది ఇక్కడనే. బంకుల రోజూ పొద్దుగాల ట్యాంకు డిప్ చూడాలె, మ్యాన్‌హోల్ మూత కాడ వంగి రాడ్ దింపి, పైకి గుంజి, తడి ఎంతవరకు ఉన్నదో చూసుకుంటం. గన్ నిటారుగ ఉన్నప్పుడు నేను వంగంగనే పిడి మడమ అంగీని ఎనక గుడారం లెక్క లేపుతుండె. మా ఇంటామె చూసి "ఎనక ఏందో ఉబ్బినట్టు కనబడుతున్నది, గట్ల బయటికి పోకు" అన్నది. నకిరేకల్‌ల చెప్పులు కుట్టే పెద్దాయన కాడికి ఖాళీ హోల్‌స్టర్ తీసుకపోయిన (గన్ ఇంట్ల లాకర్‌లనే పెట్టి). ఆయన బెల్ట్ లూపును చేతిల తిప్పి తిప్పి చూసి "ఈ ఎనకటి బొక్క కిందికి దింపితే మూతి ముందలికి వాలుతది అన్నా" అని పంచ్ పెట్టి కొత్త బొక్క కొట్టి, స్క్రూ మార్చి బిగించిండు. పదిహేను డిగ్రీలు ముందుకు వాలింది. అంతే, పిడి నడుము ఒంపుకి అతుక్కపోయింది, ఇప్పుడు వంగినా అంగీ లేవదు. ఎత్తు కూడా అప్పుడే సరిచేసుకున్న: మరీ కిందికి ఉంటే పిడి మీద మూడు వేళ్లు పట్టవు, మరీ పైకి ఉంటే బరువంతా బెల్ట్ మీదనే ఉండి బయటికి వాలుతది. చెయ్యి పోనిస్తే ఒక్కసారే పూర్తి పట్టు దొరకాలె, అదే సరైన ఎత్తు.

మళ్ల లోపల పెట్టేటప్పుడు తొందర ఎందుకు? అంగీ కొస మొత్తం పైకి ఎత్తి పట్టుకుని, వేలు ట్రిగ్గర్‌కి దూరంగ ఉంచి, బొటనవేలు హ్యామర్ మీద పెట్టి నిదానంగ దింపాలె. గుడ్డ ఏదన్నా ట్రిగ్గర్‌ల చిక్కితే హ్యామర్ లేచుడు వేలికి తెలుస్తది, అక్కడనే ఆపొచ్చు.

కార్ల కూసున్నప్పుడు సీటుబెల్ట్ కింది పట్టీ గన్ మీదికెల్లి పోనియ్యొద్దు, తుంటి ఎముక మీద గన్‌కి ముందల నుంచి పోనియ్యాలె, పెట్టుకున్నంక అంగీ కొసను పట్టీ మీదికి లాక్కోవాలె. సీటు ఎనకభాగం ఒక మెట్టు ఎనక్కి వాలిస్తే హైదరాబాద్ దాకా పోయినా ఒత్తదు.

మన నల్లగొండ ఎండల సంగతి వేరే చెప్పాల్నా? మే నెలల 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు తోలు చెమట తాగుతది. పొడుగు కాటన్ బనియన్ వేసుకుని దాన్ని ప్యాంట్‌ల దోపి, దాని మీద హోల్‌స్టర్ పెట్టుకోండి, ఒంటికి తోలు తగలదు, ఒరుసుకపోదు. అంగీ ఒక సైజు పెద్దది, గీతలదో చెక్స్‌దో, కొస నిటారుగ కత్తిరించింది. పలుచటి తెల్ల అంగీ చెమటకి అతుక్కుని మొత్తం చూపిస్తది. రాత్రి గన్ తోలుల వదిలిపెట్టొద్దు, ఆ తేమకి మెరుగు పోయి తుప్పు చుక్కలు లేస్తయి. తీసి, నూనె గుడ్డతో తుడిచి, లాకర్‌ల పెట్టి, హోల్‌స్టర్‌ని నీడల ఆరేయాలె. ఎండల పెడితే తోలు పగుల్తది. పై దిక్కు మాత్రం రంగులేని బూట్ పాలిష్ నెలకోసారి చాలు.

ఎలక్షన్లప్పుడు గన్ పోలీస్ స్టేషన్‌ల డిపాజిట్ చేస్తం కద, 2023 నవంబర్‌ల అసెంబ్లీకి, 2024 మేల లోక్‌సభకి చేసినట్టు. ఆ రోజులల్ల హోల్‌స్టర్‌ని బీరువాల బట్టల కింద నలగనియ్యొద్దు. చెక్క ముక్కని గన్ మందానికి చెక్కించి గుడ్డ చుట్టి లోపల పెట్టి ఉంచితే మూతి వాలదు. యాదగిరిగుట్ట పోయినా, పెండ్లి బరాత్‌కి పోయినా గన్ లాకర్‌లనే. ఆర్మ్స్ యాక్ట్ 2019 సవరణ తర్వాత సంబురానికి కాల్చి పక్కోళ్లని ప్రమాదంల పడేసినోడికి రెండేండ్ల దాకా జైలు, లేకుంటే లక్ష దాకా జరిమానా, లేకుంటే రెండూ. మనం కాల్చకపోయినా, తాగినోళ్ల గుంపుల నడుముకి గన్ పెట్టుకుని నిలబడే పని ఎవరికీ ఉండొద్దు.

నా దాంట్ల లోపాలు కూడా చెప్పాలె. టిచ్ బటన్ వానాకాలంల బిగుసుకపోతది, మైనం కొద్దిగ రాస్తె మళ్ల వదులైతది. లూపు స్క్రూలు నడకకి నడకకి సడలుతయి, వారానికోసారి స్క్రూడ్రైవర్ పెట్టి చూసుకోవాలె, అది కూడా గన్ తీసి పక్కన పెట్టినంకనే. మూతి కాడ ఒక కుట్టు తెగితే పెద్దాయనే మైనపు దారం తోని రెండు వరుసలు వేసిండు, ఇప్పుడు గట్టిగ ఉన్నది. రోజంతా కూసునే పని ఉన్నోళ్లు, సన్నటోళ్లు, చెమట ఎక్కువ పట్టనోళ్లు ఈ తోలు రకం కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పొలంల, మిల్లుల దుమ్ముల, చెమటల రోజంతా తిరిగేటోళ్లయితే కొంచెం ఒత్తినా సరే కైడెక్స్ చేయించుకోండి, అయితే కొలతలకి గన్ ఫొటో చూసి చేస్త అనేటోళ్ల కాడ చేయించుకోవద్దు, లైసెన్స్ తీసుకుని గన్ పట్టుకుని మీరే పోయి, ఎదురుంగ ఖాళీ చేసి చూపించి, మీ ముందలనే అచ్చు పోయించుకోండి.