108 నొక్కితే అంబులెన్సు రావాలి: లాడ్జిలో ఐపీ ఎక్స్‌ఛేంజీ వాడిన అనుభవం

విశాఖపట్నం మహారాణిపేటలోని మా లాడ్జిలో, గది ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైనుతోనూ కలిపే పాత యంత్రాన్ని (ఈపీఏబీఎక్స్) తీయించి, అదే పనిని కంప్యూటర్ నెట్‌వర్క్ మీద చేసే ఐపీ ఎక్స్‌ఛేంజీ పెట్టించి కొన్నేళ్లయింది. ఎన్ని ఎక్స్‌టెన్షన్లు పడతాయి, మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుంది వంటి వివరాలు కంపెనీ కరపత్రంలోనే ఉంటాయి గనుక వాటి జోలికి పోను. ఈ పెట్టె మీద నాకున్న అభిమానానికి కారణం ఒక్కటే. ఏ గదిలోని ఫోన్లోనైనా 108 నొక్కితే కాల్ నేరుగా అంబులెన్సు వారికే వెళుతుంది. ఇదీ ఒక విశేషమేనా అని లాడ్జి ఫోన్ల సంగతి ఎరిగినవారు మాత్రం అడగరు.

మా భవనం 108 సేవ కన్నా పాతది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలయ్యేనాటికే మా మొదటి అంతస్తు తలుపుల మీద 101 నుంచి వరుసగా అంకెలు ఉన్నాయి. గది నంబరే ఎక్స్‌టెన్షన్ నంబరు. అంటే ఫైర్‌కు 101 కొడితే ఒక గది, 108 కొడితే మరో గది, 112 కొడితే ఇంకో గది మోగేవి. బయటి లైను కావాలంటే ముందు సున్నా నొక్కాలి. బిల్లుల తగాదాలు రాకూడదని దాదాపు అన్ని లాడ్జీల్లోలాగే మా దగ్గరా గదులకు ఆ సున్నా మూసే ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చాక ఇదంతా ఎవరికి పట్టిందని అనుకోవచ్చు గానీ, మా అతిథుల్లో ఎక్కువమంది కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చూపించుకోవడానికి పాడేరు, పార్వతీపురం, శ్రీకాకుళం వైపుల నుంచి వచ్చేవారు. ఇద్దరు ముగ్గురికి కలిపి ఒక్క సెల్‌ఫోనే ఉండటం ఇక్కడ వింతేమీ కాదు.

పాత యంత్రం ఉన్న రోజుల్లో ఒక రాత్రి రెండో అంతస్తులో దిగిన పెద్దాయనకు ఊపిరి అందలేదు. కొడుకు సెల్‌ఫోను పట్టుకుని మందుల దుకాణానికి వెళ్లాడు. ఆయన భార్య గది ఫోన్లో 108 కొట్టారు. అది 108వ గదిలో నిద్రపోతున్న మందుల కంపెనీ ప్రతినిధికి మోగింది. "బాబూ, మా ఆయనకు ఆయాసం వచ్చేసింది, బండి పంపించండి" అని ఆవిడ అంటే, ఆయన నిద్రమత్తులో "రాంగ్ నంబరమ్మా" అని పెట్టేశారు. ఆవిడ మళ్లీ చేశారు. ఈసారి ఆయనకు విషయం అర్థమై కిందికి పరుగెత్తుకొచ్చారు. కానీ కాల్ ఏ గది నుంచి వచ్చిందో చెప్పలేకపోయారు, ఎందుకంటే ఆ ఫోన్లకు తెర లేదు. రిసెప్షన్‌లోని కుర్రాడు అంతస్తు అంతస్తుకూ వెళ్లి తలుపులు కొట్టుకుంటూ చివరికి ఆ గది పట్టుకున్నాడు. ఆసుపత్రి దగ్గరలోనే ఉండబట్టి, ఆటో దొరకబట్టి, పెద్దాయన దక్కారు.

ఇప్పటి యంత్రంలో అత్యవసర నంబర్లకు ప్రత్యేకంగా ఒక పట్టిక ఉంది. అందులో ఎక్కించిన నంబరుకు సున్నా అక్కర్లేదు, గది ఫోన్లో బయటి లైనుకు వేసిన తాళమూ అడ్డం రాదు. కాల్ వెళ్లిన క్షణంలోనే రిసెప్షన్ ఫోను మోగి, తెర మీద గది నంబరు కనిపిస్తుంది. ఈ ఏర్పాటు వెనుక ఒక అమెరికా చట్టం ఉంది. 2013 డిసెంబరులో టెక్సస్ రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో, ఒక మోటల్ గదిలో తల్లిపై దాడి జరుగుతుండగా తొమ్మిదేళ్ల కూతురు అక్కడి అత్యవసర నంబరైన 911ను నాలుగుసార్లు కొట్టింది. ముందు 9 నొక్కితే తప్ప బయటి లైను రాదని ఆ పిల్లకు తెలియదు. తల్లి ప్రాణాలు పోయాయి. ఆమె పేరుతోనే వచ్చిన కారీ చట్టంపై 2018 ఫిబ్రవరి 16న సంతకం జరిగింది. 2020 ఫిబ్రవరి 16 తరువాత అక్కడ తయారయ్యే, అమ్మే, బిగించే బహుళ లైన్ల ఫోను వ్యవస్థల్లో ముందంకె లేకుండా 911 నేరుగా కలవాలి, కాల్ వెళ్లిన సంగతి భవనంలోని బాధ్యులకు తెలియాలి. అయితే అక్కడి చట్టం మేలు మనకు ఊరికే రాదు. మా యంత్రం పట్టికలో మొదట ఉన్నది 911 ఒక్కటే. 100, 101, 108, 112 మేము పట్టుబట్టి ఎక్కించుకున్నవి. బిగించడానికి వచ్చిన ఇంజనీరు, అడిగి ఉండకపోతే, ఆ పేజీ తెరిచేవాడే కాదు.

మొదట్లో ఈ సదుపాయాన్ని కనబడిన ప్రతి లాడ్జి యజమాని దగ్గరా పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను. గదులతో తగాదా రాకుండా ఎక్స్‌టెన్షన్లన్నిటికీ ముందు 6 చేర్చాం, 108వ గది 6108 అయింది. కానీ తలుపు మీద 108 అనే ఉంది కదా! ఒక పెళ్లివారు మొదటి అంతస్తంతా తీసుకున్నప్పుడు, పిల్లలు మేనమామ గది అనుకుని 108 కొట్టడం, అవతల అంబులెన్సు వారు పలకడం, మేము క్షమాపణలు చెప్పుకోవడం జరిగాయి. కాల్ కలిపే ముందు ఒక హెచ్చరిక వినిపించేలా పెడదామని ఇంజనీరు అన్నాడు. ఆయాసపడుతున్న మనిషికి రికార్డింగు వినిపించడం నాకు నచ్చలేదు. చివరికి మొదటి అంతస్తు గదులనే 121 నుంచి మొదలయ్యేలా మార్చాం. తలుపుల పలకలు, తాళంచెవుల బిళ్లలు, రిజిస్టరు, బుకింగ్ యాప్‌లలోని వివరాలు అన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చును యంత్రం ధరలో ఎవరూ కలిపి చెప్పరు.

ఇంకో రెండు లోపాలున్నాయి. ఒకసారి సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాక పట్టిక మళ్లీ 911తో మొదటికొచ్చింది. నిజంగా 108కు కొట్టి పరీక్షించడం తగదు గనుక, ఇప్పుడు నా సెల్ నంబరును కాసేపు ఆ పట్టికలో చేర్చి, గది నుంచి కొట్టి చూస్తున్నాం. రెండోది కరెంటు. పాత రాగి తీగ ఫోనుకు కరెంటు ఊళ్లోని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ నుంచే తీగలో వచ్చేది. ఈ ఫోన్లకు పెట్టె, నెట్‌వర్క్ స్విచ్చి, ఫైబర్ మోడెం మూడూ వెలుగుతూ ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత ఈ ఊరు ఎన్ని రోజులు చీకట్లో ఉందో చూసినవాణ్ని గనుక యూపీఎస్‌తో సరిపెట్టుకోలేదు. రిసెప్షన్‌లో ఒక పాత ల్యాండ్‌లైను నేటికీ ఉంచాను.

ఆసుపత్రి చుట్టుపక్కల లాడ్జి నడిపేవారైతే, ఆ నంబర్లన్నీ తమ కళ్లెదుట ఎక్కించి చూపిస్తేనే డబ్బు ఇస్తామని చెప్పి కొనవచ్చు. బీచ్ రోడ్డులో నాలుగైదు గదుల గెస్ట్ హౌసులకు ఇంత హంగు అక్కర్లేకపోవచ్చు. గదులు 201 నుంచి మొదలయ్యే భవనమైతే, పాత ఈపీఏబీఎక్సుల్లోనూ కొన్నింటిలో ఈ నంబర్లకు సున్నా తాళం సడలించే వీలుంటుంది. కొత్తది కొనేముందు మెకానిక్‌ను ఆ ఒక్క మాట అడిగి చూడవచ్చు.