లండన్‌లో హెచ్.ఎం.ఎస్. బెల్‌ఫాస్ట్: తొలి ఎనభై రోజుల కోసం చూడవలసిన ఓడ

లండన్ నగరంలో టవర్ బ్రిడ్జికి కాస్త ఎగువన, థేమ్స్ నది దక్షిణపు ఒడ్డుకు దగ్గరగా నిలిచి ఉన్న హెచ్.ఎం.ఎస్. బెల్‌ఫాస్ట్ యుద్ధనౌకను ఇంపీరియల్ వార్ మ్యూజియమ్స్ సంస్థ ప్రదర్శనశాలగా నిర్వహిస్తోంది. 1971 అక్టోబరు 21న ప్రజలకు తెరిచిన ఈ క్రూయిజరును నేను మూడుసార్లు చూశాను. మొదటి రెండుసార్లు ఎక్కువమంది సందర్శకుల్లాగే 1943 డిసెంబరు 26 నాటి నార్త్ కేప్ యుద్ధం గురించి, 1944 జూన్ 6న నార్మండీ తీరంపై పేలిన ఫిరంగుల గురించి తెలుసుకొని తృప్తిగా దిగి వచ్చాను. మూడోసారి మాత్రం 1939 సెప్టెంబరు 3కు, నవంబరు 21కి మధ్య ఈ ఓడ ఏ పని చేసిందో ముందే చదువుకొని వెళ్లాను. ఓడ అదే, నిచ్చెనలు అవే, గదులు అవే అయినా వాటి ప్రయోజనం నాకు అప్పుడే తెలిసింది. ఒక మహాయుద్ధం మొదలైన వారాల్లో వర్తక నౌకలకూ యుద్ధనౌకలకూ ఉన్న సంబంధం ఎటువంటిదో అర్థం చేసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

వెళ్లే ముందు తెలుసుకోవలసిన నేపథ్యం కొంత ఉంది. క్రూయిజరు అనే తరహా ఓడను కట్టేదే ప్రధానంగా సముద్ర వ్యాపార మార్గాల కోసం: తమ సరుకు ఓడలను కాపాడడానికి, శత్రువు సరుకు ఓడలను పట్టుకోవడానికి. తిండిగింజలకూ ముడిసరుకులకూ సముద్రం మీద ఆధారపడిన బ్రిటన్‌కు ఇది ప్రాణావసరం. అందుకే యుద్ధ ప్రకటనకు వారం రోజుల ముందే, 1939 ఆగస్టు 26న, బ్రిటిష్ వర్తక నౌకల రాకపోకలన్నిటినీ నౌకాదళ ప్రధాన కార్యాలయం తన అదుపులోకి తీసుకుంది. జర్మనీ కూడా ఊరికే లేదు. గ్రాఫ్ స్పే అనే యుద్ధనౌక ఆగస్టు 21నే విల్హెల్మ్స్‌హాఫెన్ నుంచి బయలుదేరి అట్లాంటిక్ లోతట్టుకు చేరుకుంది. న్యూయార్కులో ఉన్న బ్రెమెన్ అనే పెద్ద ప్రయాణికుల ఓడ ఆగస్టు 30న అక్కడి నుంచి కదిలి, ఉత్తరానికి తప్పుకొని, సెప్టెంబరు 6న రష్యాలోని మూర్మాన్స్క్ రేవులో తలదాచుకుంది. సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించిన కొన్ని గంటలకే ఎథీనియా అనే ప్రయాణికుల ఓడను యు-30 జలాంతర్గామి టార్పెడోతో దెబ్బతీయగా వంద మందికి పైగా చనిపోయారు. సెప్టెంబరు 16న కెనడాలోని హాలిఫాక్స్ నుంచి తొలి ఓడల బారు కాపలా నౌకల వెంట బ్రిటన్‌కు బయలుదేరింది.

బెల్‌ఫాస్ట్ ఈ కల్లోలంలోకి దాదాపు పసిబిడ్డగా ప్రవేశించింది. ఉత్తర ఐర్లండులోని హార్లండ్ అండ్ వుల్ఫ్ నౌకా నిర్మాణశాలలో 1936 డిసెంబరు 10న పని మొదలై, 1938 మార్చి 17న నీటిలోకి దిగి, 1939 ఆగస్టు 5న నౌకాదళంలో చేరేనాటికి యుద్ధానికి ఇంకా సుమారు నాలుగు వారాలే మిగిలాయి. స్కాట్లండు ఉత్తరాన ఉన్న స్కాపా ఫ్లో స్థావరం నుంచి దానికి అప్పగించిన పని ఉత్తరపు గస్తీ. ఇంగ్లిష్ చానల్ మూసుకుపోవడంతో స్వదేశం చేరుకోవాలనుకునే జర్మన్ సరుకు ఓడలకు షెట్లండ్, ఫారో, ఐస్‌లండ్ దీవుల మధ్య ఉన్న సందులే దారి. పొగమంచు, తుపాను, పొడుగాటి రాత్రులు వాటికి తోడు. ఆ సందుల్లో కనిపించిన ప్రతి ఓడనూ ఆపి, అది ఏ దేశానిదో, అందులో ఏ సరుకు ఉందో విచారించి, అనుమానం కలిగితే ఆర్క్నీ దీవుల్లోని కర్క్‌వాల్ రేవుకు తనిఖీకి పంపడమే గస్తీ నౌకల విధి.

ఈ విషయం మనసులో ఉంచుకొని ఓడ పైభాగాన ఉన్న బ్రిడ్జి (ఓడను నడిపించే వేదిక) మీదికి ఎక్కండి. నా దృష్టిలో మొత్తం ప్రదర్శనలో మొదట చూడవలసిన చోటు అదే. నాలుగు టరెట్లలో (ఫిరంగులు అమర్చిన, తిరిగే కవచపు గదుల్లో) మూడేసి చొప్పున పన్నెండు ఆరంగుళాల ఫిరంగులు ఉన్న ఓడ ఇది. ముందువైపు ఉన్న ఆరింటిని లండన్ శివారులో ఎం1 రహదారి మీద ఉన్న ఒక విశ్రాంతి కేంద్రానికి గురిపెట్టి ఉంచారు. ఆ చోటు ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. ఈ అమరిక వాటి దూరపు సత్తాను పిల్లలకు సైతం చక్కగా బోధపరుస్తుంది. కానీ 1939 అక్టోబరు 9న ఈ ఓడ సాధించిన ఘనత ఫిరంగుల బలంతో వచ్చింది కాదు. ఆ రోజు ఫారో దీవులకు వాయవ్యాన, అలలు ఎగసిపడుతున్న సముద్రంలో ఒక ప్రయాణికుల ఓడ కనిపించింది. తాను తటస్థ దేశమైన స్వీడన్‌కు చెందిన అంకోనా అని ఆ ఓడ చెప్పుకుంది. తనిఖీ బృందం ఎక్కి చూస్తే అది కాప్ నోర్టే: 13,615 టన్నుల జర్మన్ ఓడ, దక్షిణ అమెరికా నుంచి స్వదేశానికి తిరిగి వస్తోంది. సైన్యంలో చేరడానికి వెళ్తున్న జర్మన్ రిజర్వు సైనికులు కూడా అందులో ప్రయాణిస్తున్నారు. అప్పటివరకు పట్టుబడిన శత్రు వర్తక నౌకల్లో అదే అతిపెద్దది. పాత ఆచారం ప్రకారం బెల్‌ఫాస్ట్ సిబ్బందికి ఇందుకు తర్వాత బహుమతి సొమ్ము కూడా ముట్టింది.

బ్రిడ్జి మీద నిలబడి నేను చాలాసేపు ఆలోచించింది ఆ తనిఖీ బృందం గురించే. దూరంలో ఉన్న ఓడ నిజంగా తటస్థ దేశానిదా, వేషం వేసుకున్న శత్రువుదా, లేక కాల్పులు జరపడానికి సిద్ధంగా ఉన్న సాయుధ నౌకా అన్నది దుర్భిణిలో చూసి తేల్చుకోవాలి. తేలకపోతే చిన్న పడవను ఆ అలల్లోకి దింపి, మనుషుల్ని పంపి, తాడు నిచ్చెన పట్టుకొని ఎక్కించాలి. ఇంతా చేసి చూడవలసింది కాగితాలు, సరుకు జాబితాలు, సిబ్బంది ముఖాలు. ఫిరంగులు ఉన్న ఓడ చేయవలసి వచ్చిన గుమాస్తా పని అది, పోలీసు పని అది. కాప్ నోర్టే కథ అక్కడితో ముగియలేదు. బ్రిటిష్ ప్రభుత్వం దానికి ఎంపైర్ ట్రూపర్ అని పేరు పెట్టి సైనికులను చేరవేయడానికి వాడుకుంది. 1940 క్రిస్మస్ నాడు హిప్పర్ అనే జర్మన్ క్రూయిజరు దాడిలో ఆ ఓడే దెబ్బతింది. తన దేశపు ఫిరంగి గుళ్లకు గురైన ఆ ఓడ చరిత్ర ఒక్కటి చాలు, యుద్ధకాలంలో వర్తక నౌక బతుకు ఎంత అస్థిరమో చెప్పడానికి.

కింది అంతస్తుల్లో నావికుల నివాసాలు, వంటశాల, రొట్టెల బట్టీ, బట్టలు ఉతికే గది, వైద్యశాల, తప్పు చేసినవారిని ఉంచే కొట్లు ఉన్నాయి. ఎనిమిది వందలకు అటూ ఇటూ మనుషులు ఒకరి మీద ఒకరు పడుకున్నట్టుగా గుడ్డ ఊయలల్లో నిద్రపోయిన చోటు చూస్తే, ఉత్తర అట్లాంటిక్ చలిలో గస్తీ అంటే ఏమిటో ఊహకు అందుతుంది. ఈ భాగాల గురించి ఇంతకంటే చెప్పను. పిల్లలకు బాగా నచ్చేవి ఇవే, అవి తమంతట తాము మాట్లాడతాయి.

బాయిలర్ల గది, ఇంజను గది మాత్రం నిదానంగా చూడాలి. నీటిమట్టానికి దిగువన, పైపుల నడుమ నిలువు నిచ్చెనలు దిగి వెళ్లాలి. నాలుగు బాయిలర్లు, నాలుగు టర్బైన్లు, 80,000 అశ్వశక్తి. ఇంత శక్తిగల ఓడను నిలువునా కుదేలు చేసిన సంఘటన 1939 నవంబరు 21న ఉదయం 10 గంటల 58 నిమిషాలకు ఫోర్త్ నదీముఖంలో జరిగింది. యు-21 జలాంతర్గామి అక్కడ వదిలి వెళ్లిన అయస్కాంత మైను ఓడ అడుగున పేలింది. ఈ రకం మైను ఓడకు తగలవలసిన అవసరం లేదు. ఉక్కు ఓడ పైనుంచి పోతున్నప్పుడు అయస్కాంత క్షేత్రంలో కలిగే మార్పును పసిగట్టి సముద్రం అడుగునే పేలుతుంది. ఆ పేలుడుకు నీరు ఒక్కసారిగా పైకి లేచి ఓడ నడుమును ఎత్తి కుదేస్తుంది. బెల్‌ఫాస్ట్‌కు పడిన రంధ్రం చిన్నదే అయినా అడుగుదూలం వంగిపోయింది, యంత్రాల పునాదులు విరిగిపోయాయి, పదుల సంఖ్యలో నావికులు గాయపడ్డారు, వారిలో ఒకరు చనిపోయారు. మరమ్మతుకు దాదాపు మూడేళ్లు పట్టింది; 1942 నవంబరులో గాని ఓడ తిరిగి విధుల్లో చేరలేదు. మరమ్మతులో నడుము భాగానికి ఇరువైపులా బలం కోసం అదనపు ఉబ్బు చేర్చారు.

అదే వారంలో వర్తక నౌకలకు తగిలిన దెబ్బలు ఇంకా పెద్దవి. నవంబరు 18న సైమన్ బొలివర్ అనే డచ్చి ప్రయాణికుల ఓడ, 21న తెరుకుని మారు అనే జపాను ఓడ మైనుల వల్లే మునిగిపోయాయి. రెండూ అప్పటికి తటస్థ దేశాలవే. 23న షూబరీనెస్ దగ్గర బురదలో దొరికిన ఒక మైనును జాన్ ఊవ్రీ అనే నౌకాదళ అధికారి విప్పి దాని రహస్యం బయటపెట్టాకే, ఓడల చుట్టూ విద్యుత్ తీగ చుట్టి అయస్కాంత శక్తిని తగ్గించే పద్ధతి విస్తరించింది.

ఆ రోజే జరిగిన మరో సంఘటన నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. యుద్ధనౌకలు చాలక, ఉత్తరపు గస్తీకి ప్రయాణికుల ఓడలకు ఫిరంగులు బిగించి పంపారు. వాటిలో రావల్పిండి ఒకటి: పి అండ్ ఓ కంపెనీ తూర్పు దేశాల ప్రయాణాలకు నడిపిన 16,695 టన్నుల ఓడ. నవంబరు 23న ఐస్‌లండుకు ఆగ్నేయాన షార్న్‌హోర్స్ట్, నైసెనావ్ అనే రెండు భారీ జర్మన్ యుద్ధనౌకలు దానికి ఎదురయ్యాయి. ఎనిమిది పాత ఆరంగుళాల ఫిరంగులతో కెప్టెన్ కెనెడీ లొంగకుండా పోరాడి, ఓడతోపాటు, రెండు వందల మందికి పైగా తోటివారితోపాటు ప్రాణాలు కోల్పోయాడు. బెల్‌ఫాస్ట్ టరెట్టులోకి దూరి, దాని కవచాన్ని, గుండ్లు అందించే యంత్రాలను, అడుగున ఉన్న మందుగుండు గదులను చూసిన తర్వాత, ఇవేవీ లేని ప్రయాణికుల ఓడ మీద అదే కొలత ఫిరంగి పక్కన నిలబడినవారి ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది. బెల్‌ఫాస్ట్‌ను చూడకపోతే నాకు ఆ తేడా బోధపడేది కాదు.

అయితే ఈ కథలో సగం నదికి ఆవలి ఒడ్డున ఉంది. టవర్ బ్రిడ్జి దాటి పావుగంట నడిస్తే టవర్ హిల్ స్మారకం వస్తుంది. ప్రవేశ రుసుము లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం తప్ప వేరే సమాధి లేని సుమారు 12,000 మంది వర్తక నావికుల పేర్లతో ఎడ్విన్ లట్యెన్స్ రూపొందించిన మండపాన్ని 1928లో ఆవిష్కరించారు. రెండో యుద్ధానికి చెందిన దాదాపు 24,000 పేర్లతో ఎడ్వర్డ్ మౌఫ్ రూపొందించిన పల్లపు తోట 1955లో దానికి జతచేరింది. పేర్లు మనుషుల అక్షర క్రమంలో గాక ఓడల వారీగా ఉంటాయి. ఒక ఓడ పేరు కింద పది పేర్లుంటే, మరొక దాని కింద అరవై ఉంటాయి. టిక్కెట్టు కొని చూసిన ఓడకంటే ఈ నిశ్శబ్దమైన గోడలే నన్ను ఎక్కువసేపు నిలబెట్టాయి.

తెలుగువారిగా మనం అక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. 1939లో బ్రిటిష్ వర్తక నౌకల సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు భారత ఉపఖండం నుంచి వెళ్లిన కళాసీలు, సరంగులు, బాయిలరు పనివారు. బాయిలర్ల గది వేడిలో బొగ్గు ఎగదోసే పని ఎక్కువగా వారిదే. జీతం మాత్రం అదే ఓడలోని తెల్లవారి జీతంలో చిన్న భాగం. యుద్ధం మొదలైన ఆ శరదృతువులోనే వారు బ్రిటిష్ రేవుల్లో పనికి నిరాకరించి, యుద్ధ భత్యం కావాలని పట్టుబట్టి, కొందరు జైలుకు కూడా వెళ్లి, కొంత పెంపు సాధించారు. భారతీయ ఒప్పందాల మీద పనిచేసి సముద్రంలో కలిసిపోయినవారి స్మరణ టవర్ హిల్ మీద కాక బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాల గ్రంథాల్లో ఉంది. దాదాపు 6,000 మంది వర్తక నావికుల పేర్లు వాటిలో నమోదయ్యాయి. విశాఖలో పుట్టిన నాకు ఇది దూరపు విషయంగా తోచలేదు. మా రేవులోకి 1933లో వచ్చిన తొలి ఓడ సింధియా కంపెనీ వారి జలదుర్గ. మా నౌకా నిర్మాణశాలకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసింది యుద్ధం నడుమ, 1941 జూన్ 21న. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి.

ఇక వెళ్లేవారికి కొన్ని మాటలు. బెల్‌ఫాస్ట్‌లో తొమ్మిది అంతస్తులు ఉన్నాయి, వాటి మధ్య నిచ్చెనలు నిటారుగా ఉంటాయి, గుమ్మాలు తలకు తగిలేంత పొట్టివి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు పైడెక్కు, దానికి దగ్గరి భాగాలు చూసి కూర్చోవడం మంచిది. చీర కట్టుకొని ఇంజను గదిలోకి దిగడం కష్టం. జారని బూట్లు తప్పనిసరి. విశాఖ రామకృష్ణా బీచిలోని కురుసుర జలాంతర్గామిని చూసినవారు అదే తరహా అనుభవాన్ని ఆశించవద్దు. 91 మీటర్ల కురుసురలో మార్గదర్శకుడి వెంట వరుసగా నడిచి కొద్దిసేపట్లో బయటికి వస్తాం. 187 మీటర్ల బెల్‌ఫాస్ట్‌లో మన దారి మనమే వెతుక్కోవాలి, మూడు గంటలు ఇట్టే గడిచిపోతాయి. టిక్కెట్టు ధర తక్కువేమీ కాదు గాని, ఆ మూడు గంటలూ కేటాయించగలిగితే అది న్యాయమైన ధరే అని నా అభిప్రాయం.

ఉదయం తెరవగానే వెళ్లి, మొదట బ్రిడ్జి, తర్వాత టరెట్టు, ఆ తర్వాత ఇంజను గది చూసి, మధ్యాహ్నం భోజనం చేసి నది దాటండి. టవర్ హిల్‌లో రెండో యుద్ధపు తోటలోకి మెట్లు దిగి ఇంగ్లిష్ ‘ఎ’ (A) అక్షరంతో మొదలయ్యే ఓడల పలకల దగ్గరికి వెళితే, యుద్ధం మొదలైన రోజే టార్పెడో దెబ్బ తిన్న ఎథీనియా పేరు, దాని కింద ఆ ఓడ సిబ్బంది పేర్లు కనిపిస్తాయి.