సముద్రగాలిలో పాత షాండ్లియర్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

వస్తువు: ఎనిమిది చేతుల (బల్బులుండే కొమ్మల) పాత ఇత్తడి షాండ్లియర్, అంటే కప్పుకి వేలాడే అలంకార దీపం. అడ్డం 27 అంగుళాలు, గొలుసు కాకుండా ఎత్తు 26 అంగుళాలు, లోలాకులూ (వేలాడే గాజు బిళ్లలు) పూసల దండలూ కలిపి బరువు 17 కిలోలు. చోటు: విశాఖ లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు కిటికీలున్న హాలు. వాడకం: తొమ్మిదేళ్లుగా రోజూ సాయంత్రం నాలుగైదు గంటలు.

ఇన్నేళ్లలో గాజు పగిలింది రెండు చోట్లే. ఆ రెండు లోలాకులూ పిన్ను తుప్పు పట్టడం వల్లే పోయాయి. మిగతా రిపేర్లన్నీ లోహానివే: పిన్నులు, బల్బు హోల్డర్లు, కొక్కెం, ఒక చేతి మర. అందుకే విశాఖలో పాత షాండ్లియర్ కొనాలనుకునేవాళ్లు లోలాకుల మెరుపు చూసి మురిసిపోయే ముందు, వాటిని పట్టుకుని ఉన్న పిన్నులనూ మరలనూ ఒక్కొక్కటిగా చూడాలి. ఈ ఊరి ఉప్పుగాలి గాజునేమీ చేయదు, దాన్ని మోసేవాటిని తినేస్తుంది.

ముందు కొలత. గది పొడవూ వెడల్పూ అడుగుల్లో కూడితే వచ్చే సంఖ్యే అంగుళాల్లో షాండ్లియర్ అడ్డం. హాలు 15 అడుగులకు 12 అడుగులైతే 27 అంగుళాలన్నమాట. ఈ లెక్క బాగానే కుదిరింది. ఎత్తు దగ్గరే చాలామంది పొరపడతారు. కింద మనుషులు తిరిగే చోట నేల నుంచి షాండ్లియర్ చివరి బుడిపె దాకా ఏడడుగులు ఖాళీ ఉండాలి. పదడుగుల శ్లాబుకి మిగిలేది 36 అంగుళాలు. అందులో 26 వస్తువుకి, 8 గొలుసుకీ, పైన కొక్కేన్ని కప్పే గిన్నెకీ పోయాయి. శ్లాబు తొమ్మిదడుగులే అయితే గొలుసుతో కలిపి 24 అంగుళాలు దాటకూడదు. అంటే ఇలాంటిది అక్కడ పట్టదు. డైనింగ్ టేబుల్ మీదైతే ఈ ఏడడుగుల నియమం వర్తించదు, బల్ల నుంచి 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో వేలాడదీయవచ్చు.

ఫ్యాన్ సంగతి కొనేముందే తేల్చుకోవాలి. మన ఊళ్లో ఫ్యాన్ లేకుండా హాల్లో కూర్చోలేం. 1200 మి.మీ. ఫ్యాన్ పక్కనే షాండ్లియర్ ఉంటే రెండు ఇబ్బందులు. బల్బులు రెక్కల కన్నా కిందుంటే రెక్కల నీడలు సీలింగు మీద తిరుగుతూ కళ్లకు చిరాకు. రెండోది, గాలికి లోలాకులు రోజంతా ఊగి పిన్నులు రాసుకుని అరుగుతాయి. గలగల చప్పుడు మొదట్లో ముద్దుగానే ఉంటుంది, ఏడాదిన్నర తిరిగేసరికి పిన్ను మెడ సగం సన్నబడి కనిపించింది. పరిష్కారంగా మధ్య ఫ్యాన్ తీసేసి రెండు చివర్లా 900 మి.మీ. ఫ్యాన్లు పెట్టడం పనిచేసింది. ఫ్యాన్ రెక్క కొసకీ షాండ్లియర్ అంచుకీ మధ్య రెండడుగులైనా ఉండేలా చూసుకోవాలి.

ఇక కొక్కెం. శ్లాబులో ఉన్న ఫ్యాన్ బాక్సు కొక్కేనికి మామూలుగా పడే బరువు నాలుగైదు కిలోలే. అది 17 కిలోలు మోస్తుందో లేదో చూసి చెప్పలేం. శ్లాబు పోసినప్పుడే ఇనుప చువ్వలకు కట్టిన 10 లేదా 12 మి.మీ. రాడ్డు అయితే మంచిది. దానికైనా పరీక్ష చేయాల్సిందే. 50 కిలోల సిమెంటు బస్తాను తాడుతో కట్టి నేలకు రెండంగుళాల ఎత్తున ఒక రోజంతా వేలాడదీయండి. షాండ్లియర్ బరువుకి ఇది దాదాపు మూడు రెట్లు. కొక్కెం వంగకూడదు, చుట్టూ సిమెంటు చిట్లకూడదు, బస్తా కిందకి జారకూడదు. సముద్రం దగ్గర ఫ్యాన్ బాక్సుల లోపల తుప్పు కనబడకుండానే పెరుగుతుంది. ఇక్కడ ఆరో ఏట గిన్నె దించి చూస్తే కొక్కెం పైభాగం పొరలు పొరలుగా లేచి ఉంది. ఇప్పుడున్నది 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఫాల్స్ సీలింగు జిప్సం బోర్డుకి గానీ దాని ఫ్రేముకి గానీ తగిలించే ఆలోచన అసలు వద్దు. బోర్డుకి రంధ్రం చేసి గొలుసు శ్లాబు దాకా పోవాలి.

గాజు ఏదో తెలుసుకునే విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు కనబడిన ప్రతిదాన్నీ 'బెల్జియం' అనేస్తారు. కోల్‌కతా రస్సెల్ స్ట్రీట్ వేలం శాలల్లో, ముంబై చోర్ బజార్‌లో, కారైక్కుడి పాత సామాన్ల కొట్లలో మంచివి దొరుకుతాయి. ఫిరోజాబాద్ గాజూ మొరాదాబాద్ ఇత్తడీ కలిపి ఈమధ్యే చేసి 'వందేళ్లది' అని అమ్మేవీ ఉంటాయి. అవి చెడ్డవని కాదు, ధర వేరుగా ఉండాలి. అసలు పనితనం కంటికి అలవాటు కావాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో ఉన్న 19 షాండ్లియర్లను ఒక పూట తీరిగ్గా చూసి రండి. బర్మింగ్‌హామ్ షాండ్లియర్ల తయారీదారు ఓస్లర్ కంపెనీ కలకత్తాలోనూ షోరూమ్ నడిపింది కాబట్టి వాళ్ల సరుకు మన దేశంలో అక్కడక్కడా ఇంకా బయటపడుతుంది. ముద్ర కోసం లోహపు భాగాలు వెతకండి.

లోలాకు సీసం కలిసిన క్రిస్టలా, మామూలు గాజా, ప్లాస్టిక్కా అన్నది ఇంట్లో వంటకు వాడే డిజిటల్ కాటాతోనే తేలిపోతుంది. పిన్ను తీసేసి లోలాకును తూచండి. 31 గ్రాములు అనుకుందాం. ఇప్పుడు గ్లాసుడు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేయండి. లోలాకును సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుక్కీ గోడకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా 10 గ్రాములు చూపిస్తే 31ని 10తో భాగించాలి. 3.1 వచ్చింది కాబట్టి సీసం క్రిస్టలే. జవాబు 2.5 దగ్గరుంటే మామూలు గాజు, 1.2 దగ్గరుంటే అక్రిలిక్. పెద్ద లోలాకుతో చేస్తే లెక్క నిక్కచ్చిగా వస్తుంది. చిన్న పూసైతే ఒక్క గ్రాము తేడాకే జవాబు మారిపోతుంది. చేత్తో సానపట్టినదైతే అంచులు పదునుగా ఉంటాయి, అచ్చు పోసినదానికి పక్కన సన్నటి అతుకు గీత వేలికి తగులుతుంది. ఒక్క లోలాకు చూసి తీర్పు చెప్పకండి. పాతవాటిలో పోయినవాటి స్థానంలో కొత్తవి కలపడం మామూలే, నాలుగు వరసల నుంచి నాలుగు తీసి చూడాలి.

లోహానికి అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇత్తడి పూత వేసిన ఇనుము, సముద్రం పక్కన పనికిరాదు. అతుక్కోకపోయినా సంబరపడకండి, జింకు పోతవి కూడా అతుక్కోవు. గిన్నె లోపలి వైపు, కనబడని చోట సూదితో గీస్తే లోపల పసుపు రావాలి. బూడిద తెలుపు వస్తే జింకు పోత. అది వంగదు, విరుగుతుంది, విరిగితే అతకడం కష్టం. చేతులు గాజువైతే, వాటి మొదళ్లు లోహపు కప్పుల్లో ప్లాస్టర్‌తో బిగించి ఉంటాయి. ఆ ప్లాస్టర్ మన తేమ పీల్చి వదులవుతుంది. చేతిని మెల్లగా కదిపితే కిర్రుమని తెలుస్తుంది. విప్పే ముందు ప్రతి చేతి మొదట్లోనూ, అది కూర్చునే రంధ్రం పక్కనా ఆకురాయి గాట్లు గానీ అంకెలు గానీ ఉన్నాయేమో చూడండి. ఏ చేయి ఆ రంధ్రంలోకే వెళ్లాలి. మారిస్తే మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది.

పాత వైరింగు ఎంత బాగా కనిపించినా మొత్తం మార్చాల్సిందే. గుడ్డ చుట్టిన రబ్బరు తొడుగు వంచితే బిస్కట్టులా విరిగిపోతుంది. విశాఖలో దీని మొదటి లక్షణం వానాకాలంలో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవడం. తేమ చేరిన తొడుగు నుంచి షాండ్లియర్ ఇత్తడి ఒంటికి కరెంటు కారుతుందన్నమాట. ఎలక్ట్రీషియన్‌తో చేతుల్లోకి 0.5 లేదా 0.75 స్క్వేర్ ఎంఎం టెఫ్లాన్ తొడుగు వైరు, పై నుంచి మధ్య గొట్టం దాకా 1 స్క్వేర్ ఎంఎం వైరు వేయించండి. ఇత్తడి ఒంటికి విడిగా ఎర్త్ తప్పనిసరి. పాతవాటికి ఎర్త్ ఉండదు. వైరు దూర్చేముందు గొట్టం కొసల్లో ఉన్న పదును సన్న ఆకురాయితో తీసేయాలి, లేదంటే లాగేటప్పుడే తొడుగు చీరుకుంటుంది. వంపుల్లోంచి ముందు సన్న తీగ పంపి, దానికి వైరు కట్టి, కాస్త టాల్కం పౌడర్ రాసి లాగితే సాఫీగా వస్తుంది. గొలుసు వెంట పోయే వైరు గొలుసు కన్నా నాలుగంగుళాలు ఎక్కువే ఉండాలి, బరువు గొలుసు మీదే పడాలి. పని అయ్యాక, వైరు తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిపించండి. రెండు మెగాఓమ్‌ల కన్నా తక్కువొస్తే ఎక్కించనివ్వకండి.

అమెరికా నుంచి వచ్చినవాటికి ఈ12 (12 మి.మీ. మర బల్బుల) హోల్డర్లుంటాయి, 120 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టులకు ఈ14 పెట్టించుకోవాలి. హోల్డరు పింగాణీది తీసుకోండి. ఇక్కడ ఇనుప గుల్లలున్న హోల్డర్లు నాలుగో ఏటికే బల్బు ఊడనంతగా పట్టేశాయి, తిప్పితే గాజు చేతికొచ్చి మూతి లోపలే ఉండిపోయింది.

బల్బు ఎంపికే మెరుపుని నిలబెట్టేదీ చంపేదీ. పాలరంగు ఎల్‌ఈడీలు పెడితే ఎంత ఖరీదైన క్రిస్టలైనా చప్పగా కనిపిస్తుంది. సన్నటి వెలుగు గీత ఉంటేనే సాన ముఖాల మీద అది విరిగి రంగులు చల్లుతుంది. పారదర్శక గాజులో ఫిలమెంట్ ఎల్‌ఈడీ, 4 వాట్లది, 2700 కెల్విన్ (పసుపు వెలుగు), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 ఉన్నది చూసుకోండి. ఎనిమిదీ కలిపి 32 వాట్లు. పాత 40 వాట్ల బల్బులతో 320 అయ్యేది, ఆ వేడికి కొవ్వొత్తి ఆకారపు ప్లాస్టిక్ తొడుగులు పసుపెక్కేవి. నాలుగేసి బల్బుల చొప్పున రెండు స్విచ్చులు పెట్టించుకుంటే డిమ్మర్ అవసరం పడదు.

పిన్నులు ఈ వస్తువులో మొత్తం 240 దాకా ఉన్నాయి. కొన్నప్పుడు పాత ఇత్తడి పిన్నుల మధ్య అమ్మకందారు కలిపిన పూత ఇనుప పిన్నులు కూడా ఉన్నాయి. రెండో వర్షాకాలానికే అవి ఎర్రబడ్డాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే బిగుతుగా ఉన్న రంధ్రంలో ఉబ్బి గాజును లోపల్నుంచి చీలుస్తుంది. ఆ రెండు లోలాకులూ అలా పోయినవే. కొన్న రోజే చిన్న అయస్కాంతం తిప్పి అలాంటివన్నీ ఏరేయండి. 0.8 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగను గుండ్రటి ముక్కు పటకారుతో వంచి పిన్నులు ఇంట్లోనే చేసుకోవచ్చు, గంటకి ముప్ఫై అవుతాయి. గాజు మీద మిగిలిన తుప్పు మరకకి అరలీటరు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, దూదిపుల్లతో రంధ్రం చుట్టూ మాత్రమే రాసి, వెంటనే మంచినీళ్లతో కడగాలి.

శుభ్రం చేయడానికి అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడొద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. దాచింది గుర్రపుశాలల్లో. మూత్రం నుంచి వచ్చే అమోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిన బిగువూ కలిసి చేసిన పని అది. కారణం 1921లో వివరించారు. వంచి బిగించిన ఇత్తడి పిన్నులో ఉండేదీ అదే బిగువు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ మూడు పాళ్లు కలిపితే చాలు, మరకలు మిగలవు. మెయిన్ ఆపి, రెండు చేతులకీ నూలు తొడుగులేసుకుని, ఒకదాన్ని తడిపి తుడవడం, రెండోదాంతో ఆరబెట్టడం. స్ప్రే నేరుగా పైకి కొట్టకండి, హోల్డర్లలోకి పోతుంది. మీరే చుట్టూ తిరగండి గానీ షాండ్లియర్‌ని తిప్పకండి, మధ్య గొట్టం మర వదులవుతుంది. ఇక్కడ మూడు నెలలకోసారి సరిపోతోంది. వన్ టౌన్ వైపు గాలిలో నల్లటి పొడి ఎక్కువ, నెలకోసారి తప్పదు.

ఇత్తడి మెరుపు విషయంలో లక్క స్ప్రే నిరాశపరిచింది. రెండున్నరేళ్లకు అక్కడక్కడా లేచి, కింద చిలుము పచ్చగా కమ్మింది. మొత్తం తీసేసి మైక్రోక్రిస్టలైన్ మైనం ఏడాదికి రెండుసార్లు పల్చగా రాయడం మొదలెట్టాక సమస్య చాలా తగ్గింది. చింతపండు రాయాలనిపిస్తుంది. నునుపైన ఇత్తడికి రెండు నిమిషాలు రాసి కడిగేస్తే నష్టం లేదు. ఎక్కువసేపు ఉంచితే జింకు పోయి ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది, నగిషీ సందుల్లో మిగిలిన పులుపు వారంలో పచ్చ చిలుము అవుతుంది. బంగారు పూత ఉన్నవాటికి ముట్టించనే వద్దు.

తుపాను జాగ్రత్త కూడా ఈ ఊళ్లో భాగమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు నిలవని ఇళ్లెన్నో. హెచ్చరిక రాగానే కింది బుడిపె, పెద్ద లోలాకులు తీసి పెట్టెలో పెట్టి, చేతులన్నిటినీ కలిపి పాత నూలు చీరతో వదులుగా చుట్టి కడితే ఊగినా ఒకదానికొకటి కొట్టుకోవు. ఇద్దరికి నలభై నిమిషాల పని.

కొన్న ధరకి మూడోవంతు వైరింగు, హోల్డర్లు, కొక్కెం, పిన్నుల కోసం విడిగా ఉంచుకోండి. ఇల్లు సముద్రానికి దూరంగా గోపాలపట్నం, పెందుర్తి వైపు అయితే తుప్పు ఖర్చు తగ్గుతుంది. సముద్రం కనబడే ఇంట్లో, ఇనుప భాగాలున్నదైతే సగం ధరకిచ్చినా తీసుకోనక్కర్లేదు. ఇత్తడిదై, చేతుల మరలు గట్టిగా ఉంటే, పది పన్నెండు లోలాకులు లేకపోయినా తీసుకోవచ్చు. లోలాకులు వెతికి తెచ్చుకోగలం.

ఈ వస్తువులో చాలాకాలం కుదరనిది ఒక చేతి మర. అరిగిపోయి ప్రతి వేసవికీ ఆ చేయి అరంగుళం కిందికి వాలేది. ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే గట్టిగానే పడుతుంది గానీ, ఆ చేతికీ ఒంటికీ మధ్య ఎర్త్ తెగిపోతుంది, టెస్టర్‌తో చూస్తే తెలిసింది. ఇప్పుడు మర మీద పల్చటి రాగి రేకు ఒక చుట్టు వేసి బిగించాం. రెండు వేసవులు గడిచాయి, చేయి వాలలేదు.