సాక్సులు తొడిగిన ఏడు సీసాలు

మూడో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది స్కాట్లాండ్‌దే. షెర్రీ వైన్ పీపాలో పెట్టారు. పద్దెనిమిదేళ్లకి ఒక్క రోజు కూడా తగ్గదు" అన్నాను. ఎదురుగా కూర్చున్న మా బావమరిది నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. సీసాకి తొడిగిన సాక్సు లాగి చూపిస్తే అది అమృత్ ఫ్యూజన్. బెంగళూరు సరుకు. లేబుల్ మీద వయసు రాయనే రాయలేదు.

పదిహేనేళ్లుగా విస్కీ తాగుతున్నాను. వారానికి రెండు పూటలు, పూటకి రెండు పెగ్గులు, అంతకు మించి లేదు. ఇన్నేళ్లూ సీసా ఎంచుకోవడానికి నా దగ్గర ఉన్న లెక్క ఒక్కటే: లేబుల్ మీద వయసు అంకె, అంటే పీపాలో ఉన్న ఏళ్లు, ఎంత పెద్దదైతే మందు అంత మంచిది. 12 కంటే 15 మేలు, 15 కంటే 18. నిజానికి ఆ అంకె చెప్పేది ఆ సీసాలో కలిపిన వాటన్నిటిలోకి చిన్నదాని వయసు మాత్రమే. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా చెయ్యి మాత్రం పెద్ద అంకె వైపే పోయేది.

మా వాడు పందెం వేశాడు. "బావా, పేరు చూడకుండా తాగి చెప్పు, నీ ముక్కు సంగతేమిటో తేలిపోతుంది" అన్నాడు. ఏడు సీసాలు పోగేసి, నా పాత సాక్సులు వెతికి, ఒక్కోదానికి ఒకటి తొడిగి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేశాడు. రంగు కనపడకుండా గ్లాసుల చుట్టూ నల్ల కాగితం చుట్టాడు. సాక్సులు ఉతికినవే. వాసన చూసే పని కాబట్టి ముందే చెప్తున్నాను.

మూడు సాయంత్రాలు కూర్చున్నాం. గ్లాసుకి 15 ఎం.ఎల్. చొప్పున. గ్లాసులు గ్లెన్‌కెయిర్న్‌వి, అడుగున బొద్దుగా, పైన సన్నగా ఉంటాయి. వెడల్పు మూతి గ్లాసులో ఐసు చల్లగా ఉంటుందే తప్ప వాసన నిలవదు. ఇంకో మాట: ముక్కు మొత్తం గ్లాసులో దూర్చకూడదు. నోరు కాస్త తెరిచి, అంచు మీద నుంచి మెల్లగా పీల్చాలి. లేకపోతే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుని కొడుతుంది, మిగిలినవి దాని వెనకాలే దాక్కుంటాయి.

మొదటి గ్లాసులో వెనిల్లా, కాల్చిన చెక్క, లవంగం, చివర్లో నారింజ తొక్క. ఘాటు బాగా ఉంది. "బర్బన్, అమెరికాది" అన్నాను. కాదు, జపాన్ వాళ్ల నిక్కా ఫ్రమ్ ది బ్యారెల్. ఆల్కహాల్ 51.4 శాతం, చతురస్రంగా ఉండే 500 ఎం.ఎల్. బుడ్డి. మాల్టునీ (మొలకెత్తించిన బార్లీతో చేసింది) గ్రెయిన్ విస్కీనీ (వేరే ధాన్యాలతో చేసింది) కలిపాక, ఆ మిశ్రమాన్ని మళ్లీ కొంతకాలం పీపాల్లో ఉంచి సీసాల్లోకి దించుతారు. ఘాటున్నా అంచులు కోసుకోకుండా ఉండేది అందువల్లే అనుకుంటాను. నిక్కా స్థాపించిన మసతాకా తకెత్సురు స్కాట్లాండ్ వెళ్లి పని నేర్చుకుని వచ్చినవాడు. 1923లో మొదలైన యమజాకి డిస్టిలరీలో పనిచేసి, తర్వాత బయటికొచ్చి 1934లో హొక్కైడోలోని యోయిచిలో సొంత డిస్టిలరీ పెట్టాడు. అక్కడ ఇప్పటికీ బట్టీల కింద బొగ్గు మంటే. ఇంత చరిత్ర ఉన్నా తమాషా ఏమిటంటే, జపాన్ తయారీదారుల సంఘం 2021లో "జపనీస్ విస్కీ"కి నిర్వచనం రాసుకున్నాక, ఈ సీసా అందులోకి పూర్తిగా రాదని నిక్కానే ఒప్పుకుంది. నాలుకకి ఆ నిర్వచనంతో పని లేదు. పదికి 8 మార్కులు వేశాను.

రెండో గ్లాసు దగ్గర నా పరువు పోయింది. పల్చగా, నీళ్లలా అనిపించింది. కొద్దిగా పియర్ పండు వాసన, అంతే. 5 వేశాను. సాక్సు తీస్తే గ్లెన్‌ఫిడ్డిక్ 12. పదిహేనేళ్లలో నేను ఎక్కువ తాగింది అదే! తప్పు సీసాది కాదు, వరసది. 51.4 శాతం తాగి మొద్దుబారిన నాలుక మీద 40 శాతం పోస్తే ఏం తెలుస్తుంది? వారం ఆగి, మొదటి గ్లాసుగా మళ్లీ పోయించుకున్నాను. అప్పుడు పియర్, తేనె, కోసిన గడ్డి, అన్నీ వరసగా వచ్చాయి. 7 చేశాను. పది రకాలు పక్కపక్కన పెట్టి మార్కులేసే వాళ్ల మాట ఇకమీదట అంత తేలిగ్గా నమ్మను, నా మాటతో సహా.

ఇక అమృత్ దగ్గరికి వద్దాం. దాని గురించి ఎక్కువ చెప్పాలి.

గ్లాసు తిప్పగానే ఎండు ద్రాక్ష, ముదురు చాక్లెట్, కాఫీ గింజ. నోట్లో పోసుకుంటే చిక్కగా పరుచుకుంది. 50 శాతం అని తెలియకపోయినా, గట్టిదని తెలుస్తుంది. అర చెంచా నీళ్లు కలిపాను. అంతవరకూ ఎక్కడుందో తెలియని పొగ పైకి తేలింది, ఆరిన కుంపటి పక్కన నిలబడినట్టు. ఈ నీళ్ల సంగతి ఉత్త నమ్మకం కాదు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద లెక్క కట్టి చూపించారు. పొగ వాసనకి కారణమయ్యే పదార్థాల్లో గ్వాయకాల్ ఒకటి. ఆల్కహాల్ ఎక్కువగా ఉన్నప్పుడు అది దాని అణువుల మధ్య లోపలే ఉండిపోతుందట. నీళ్లతో పలచబడితే ఉపరితలానికి చేరుతుందట. ముక్కు ఉండేది పైనే కదా. ఫ్యూజన్, అంటే కలయిక, అనే పేరు వచ్చింది రెండు దేశాల బార్లీ నుంచే. మన బార్లీతో పాటు, స్కాట్లాండ్‌లో, చిత్తడి నేలల్లో తవ్వే పీట్ పొగ పట్టించిన బార్లీ కూడా ఇందులో పడుతుంది.

పద్దెనిమిదేళ్లనుకుని ఎలా మోసపోయాను? లోపం నా ముక్కుదే కాదు, వాతావరణానికీ వాటా ఉంది. పీపాలో ఉన్న మందు ఏటా కొంత ఆవిరైపోతుంది. స్కాట్లాండ్ వాళ్లు దాన్ని దేవతల వాటా అంటారు. అక్కడి చలిలో దేవతలు ఏడాదికి 2 శాతంతో సరిపెట్టుకుంటారు. బెంగళూరులో 10, 12 శాతం పట్టుకుపోతారు. వెచ్చదనానికి మందు చెక్కలోకి దూరి బయటికి రావడం కూడా చురుగ్గా సాగుతుంది. కాబట్టి కొద్ది ఏళ్లలోనే చెక్క ఇవ్వాల్సిందంతా ఇచ్చేస్తుంది. ఏడాదికి 11 శాతం చొప్పున కాగితం మీద లెక్క వేశాను. ఐదారేళ్లలో సగం పీపా ఖాళీ. పద్దెనిమిదేళ్లు ఉంచితే ఎనిమిదో వంతు కూడా మిగలదు. అదే 2 శాతం చొప్పున అయితే పద్దెనిమిదేళ్లకి పోయేది మూడో వంతుకి కాస్త తక్కువే. రెండు చోట్లా ఒకే క్యాలెండర్ పెట్టుకుని వయసు పోల్చడం అర్థం లేని పని. ఇది 2004లో మొదట గ్లాస్గోలో, అంటే స్కాచ్ తాగేవాళ్ల మధ్యలోనే, సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసే విస్కీ) అమ్మకానికి పెట్టిన కంపెనీ. ఆ తెగువ నాకు నచ్చింది. 8.5.

రెండో సాయంత్రం రెండే గ్లాసులు. ముందు రెడ్‌బ్రెస్ట్ 12. ఐర్లాండ్‌లో కార్క్ దగ్గరున్న మిడిల్‌టన్‌లో చేస్తారు. లేబుల్ మీద చిన్న పిట్ట బొమ్మ ఉంటుంది. వాసన చూసి పేరు చెప్పలేకపోయాను గానీ, నోట్లో పోసుకోగానే "ఐరిష్" అన్నాను. పట్టించింది రుచి కాదు, జిడ్డు. చెడ్డ అర్థంలో కాదు. మీగడ పూసినట్టు నాలుక మీద ఒక పొర నిలబడుతుంది. మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తించని బార్లీని కూడా వేసి, రాగి బట్టీల్లో మూడుసార్లు దింపడం వల్ల వచ్చే గుణం అది. పచ్చి బార్లీ వాడకం ఎలా మొదలైందో చదివితే నవ్వొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రభుత్వం మొలకెత్తించిన బార్లీ మీద పన్ను వేసింది. పన్ను తప్పించుకోవడానికి మొలకెత్తనిది కలిపారు. పన్ను ఎగ్గొట్టే తెలివికి ఇంత రుచి తోడవడం అరుదు. ఆపిల్, గోరువెచ్చని తేనె, కొంచెం మిరియం, వేయించిన పప్పు గింజలు. ఘాటు లేదు, తొందర లేదు. 40 శాతమే కాబట్టి గొంతు దిగాక త్వరగానే మాయమవుతుంది. ఇంకొంచెం బలంగా ఉంటే బాగుండేదనిపించింది. 8.

తర్వాత వైల్డ్ టర్కీ 101. దీన్ని గుర్తు పట్టడానికి పెద్ద ప్రజ్ఞ అక్కర్లేదు. కాలిన చక్కెర, వెనిల్లా, దాల్చినచెక్క, పైన 50.5 శాతం వేడి. బర్బన్‌లో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి. పీపా కొత్తది, లోపల కాల్చినది కావాలి. ఒకసారి వాడిన పీపాకి బర్బన్‌గా రెండో జన్మ లేదు. అందుకే అవి ఓడలెక్కి స్కాట్లాండ్‌కీ ఐర్లాండ్‌కీ మన దగ్గరికీ వస్తాయి. మిగతా సీసాల్లో నేను మెచ్చుకున్న వెనిల్లాలో సగం అమెరికా చెక్క పెట్టిన భిక్షే. 7. ఐసుతో అయితే 7.5.

మూడో సాయంత్రం మొదటి గ్లాసు పేరు చెప్పను. ఎవరో బహుమతిగా ఇచ్చింది. బరువైన పెట్టె, లోపల శాటిన్ గుడ్డ, గ్లాసు పట్టుకుంటే రాగి రంగు. నల్ల కాగితం వెనక ఆ ఆర్భాటమంతా పోయాక మిగిలింది తడిసిన అట్టముక్క వాసన, చివర ఒక చేదు. 4 వేశాను. కాగితం విప్పి, పెట్టె చూసి, "ఇంకోసారి చూద్దాం" అన్నాను. "అదిగో, ఇప్పుడు పెట్టెని తాగుతున్నావు బావా" అన్నాడు. రంగు మీద నాకున్న భక్తి ఆ పూటతో పోయింది. స్కాచ్‌లో సైతం రంగు కోసం క్యారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి ముదురు రంగు చూసి ముదురు వయసు అనుకోవడానికి లేదు.

చివరిది పోస్తుండగానే, గ్లాసు నా చేతికి రాకముందే చెప్పేశాను: లఫ్రోయిగ్ 10. గది చివర ఉన్నవాళ్లకి కూడా తెలుస్తుంది. స్కాట్లాండ్‌లోని ఐలా అనే దీవిలో 1815 నుంచి చేస్తున్నారు. ఆ పేరు స్పెల్లింగు చూసి చాలాకాలం "ఇస్లే" అని పలికి, తప్పని తెలిశాక సిగ్గుపడ్డాను. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న మొక్కల పొరే పీట్. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగలో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. ఫలితం: చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే దూదితో అద్దిన టింక్చర్ అయోడిన్. దాని వెనక సముద్రపు ఉప్పుగాలి, తడి బూడిద. ఓపిక పడితే, వీటన్నిటి అడుగున ఊహించని తీపి ఒకటి. మొదటిసారి తాగినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నట్టుంది అని పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఒక్క గుటక పావుగంట సేపు నోట్లో కథ నడిపిస్తుంది. 9 వేశాను, అందరికంటే ఎక్కువ. పదేళ్ల విస్కీకి!

ఆ రాత్రి గ్లాసులు కడగకుండా వదిలేశాం. కావాలనే. ఆల్కహాల్ ఆరిపోయాక అడుగున ఏం మిగిలిందో మర్నాడు చూడాలి. అమృత్‌ది మొదటి సాయంత్రం తర్వాత చూశాను, కోకో పొడి డబ్బా మూత తీసినట్టుంది. లఫ్రోయిగ్ గ్లాసు ఎలా ఉందో నేను చూడక్కర్లేకపోయింది. మా ఆవిడ పొద్దున్నే లేచి, "ఏమండీ, రాత్రి ఏమైనా వైరు కాలిందా?" అని స్విచ్ బోర్డులన్నీ తడిమి చూసింది.

మార్కుల కాగితం అక్కడితో పూర్తి. కానీ ఆ రోజే సాక్సులు తీసేసి, ప్రతి సీసా మీదా మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీశాను. ఇది జరిగి రెండు నెలలైంది. నిన్న చూశాను. 9 మార్కులొచ్చిన లఫ్రోయిగ్ గీత నుంచి రెండు వేళ్లు దిగింది, అంతే. అది వర్షం పడే రాత్రికి, ఒంటరిగా ఉన్నప్పటికి. అమృత్, నిక్కా సగానికి వచ్చాయి. వైల్డ్ టర్కీ వచ్చినవాళ్లు తాగారు. గ్లెన్‌ఫిడ్డిక్ పాత అలవాటు కొద్దీ కొంత తగ్గింది. పెట్టె సీసా గీత మీదే ఉంది.

రెడ్‌బ్రెస్ట్‌కి మాత్రం అడుగున రెండు పెగ్గులు మిగిలాయి. ఎప్పుడు అంత తాగానో నాకే తెలియదు. మిగిలింది మా బావమరిది వాటా అని పక్కన పెట్టాను. ఈ ఆదివారం వస్తానన్నాడు. అప్పటిదాకా కనపడకుండా ఉండాలని దానికి మళ్లీ సాక్సు తొడిగాను.