70-300 లెన్సు: తేనెపిట్టకి సరే, ముసురుతోనే పేచీ

పెరటి పిట్టలకి ఈ 70-300 మి.మీ. జూమ్ లెన్సు ఎందుకంటే ఒక్కటే కారణం చెబుతాను: 1.2 మీటర్ల దగ్గర్లోనూ ఫోకస్ పట్టేస్తుంది. అందరూ ఎగబడే 150-600 రకాలకి రెండు మీటర్లకి పైగా ఎడం కావాలి. కోనసీమ పెరట్లో అంత వెనక్కి జరిగితే అరటాకో కొబ్బరిమట్టో అడ్డం. దీంతో అరటిపువ్వు మీద వాలిన తేనెపిట్ట, అది ఉండేదే పది సెంటీమీటర్లు, క్రాప్ సెన్సరు (కాస్త చిన్న సెన్సరున్న) కెమెరా ఫ్రేములో ఈ అంచు నుంచి ఆ అంచుకి నిండిపోతుంది.

అయితే అంత దగ్గర్లో లెన్సు కంతని ఎఫ్/5.6కి తెరిచి పెడితే పదునుగా వచ్చే మేర అర సెంటీమీటరు కూడా ఉండదు. కన్ను కుదిరితే ముక్కు కొస మసక. కంత ఇంకాస్త మూసి ఎఫ్/8కి పోతే కొబ్బరి నీడలో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే సెట్టింగు) 3200 దాటి ఫొటో గరుకవుతుంది. పిట్ట పక్కవాటుగా తిరిగినప్పుడు నొక్కడమే మార్గం. ఎండాకాలం కాలవలు కట్టేశాక గోరింకలు, పికిలిపిట్టలు నీళ్లకి పెరట్లోకే వస్తాయి. మట్టి మూకుట్లో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, లెన్సుని మూకుడు ఎత్తులోనే ఉంచాలి. అవి జలకాలాడేటప్పుడు షట్టరు వేగం 1/1600 సెకనుకి తగ్గకూడదు.

అసలు బాధ ముసురుతో. జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం ముందుకి సాగి, బయటి చెమ్మగాలిని లోపలికి పీలుస్తుంది. రెండో వానాకాలం తర్వాత, ఎండకి ఎదురుగా తీసిన ఫొటోలన్నీ పల్చటి పొగ పట్టినట్టు వచ్చాయి. ఎండ వెనకనుంటే మాత్రం ఏ తేడా లేదు. వెనక మూత తీసి టార్చి వేస్తే లోపలి అద్దం అంచున సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్. విప్పి తుడిపించాక పోగులు పోయాయిగానీ, అద్దం పూత మీద మచ్చ ఉండిపోయింది.

అప్పట్నుంచి గుడ్డసంచి మానేశాను, అది చెమ్మని పట్టి ఉంచుతుంది. రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బా, పావుకిలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు. ముల్లు 45-50 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే జెల్ వేడిచేసి ఆరబెట్టాలి. నారింజరంగు జెల్ ఆకుపచ్చగా మారితే చెమ్మ నిండా పట్టేసి, ఇక పీల్చలేనట్టు. నీలంరంగు దాంట్లో కోబాల్టు ఉంటుంది, వంట మూకుట్లో వెయ్యొద్దు.

చెరువుగట్టు లకుముకిపిట్ట కావాలంటే 300 చాలదు. ఇంట్లో ఏసీ ఉన్నవాళ్లకి ఈ డబ్బా గొడవ తక్కువే. కాకపోతే చల్లగది నుంచి నేరుగా బయటికి తెస్తే అద్దం నిండా చెమర్చుతుంది. ఓ అరగంట సంచి జిప్పు తియ్యకుండా వరండాలో ఉంచాలి.