రెండు సబ్‌వూఫర్లతో మూడేళ్ళు: వెనకదాని డిలే తీసేశాకే బేస్ కుదిరింది

ఒకే మోడల్ సబ్‌వూఫర్లు (బేస్ శబ్దాలు మాత్రమే పలికే స్పీకర్లు) రెండు మూడేళ్ళుగా వాడుతున్నాను. ఒకటి ముందు గోడ మధ్యలో ఉంది, రెండోది దానికి ఎదురుగా వెనక గోడ మధ్యలో. వీటిలో మొదటి ఏడాది పూర్తిగా వృథా అయింది. ఎందుకో చెబుతాను.

గది పొడవు 5 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కాబట్టి పొడవు వెంట మొదటి మోడ్ (గది తనంతట తాను మోగే పౌనఃపున్యం) 34 హెర్ట్జ్ దగ్గర, రెండోది 68 దగ్గర పడతాయి. ఒక్క సబ్ ఉన్న రోజుల్లో 34 దగ్గర గది గుమ్మని మోగేది. సోఫాలోని మూడు సీట్ల మధ్య తేడా 12 డెసిబెల్స్ దాకా ఉండేది. రెండోది కొన్నది మోత పెంచడానికి కాదు, ఆ తేడా తగ్గించడానికే. ఎదురెదురు గోడల దగ్గర రెండూ ఒకే క్షణంలో, ఒకే పోలారిటీతో (రెండింటి కోన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలేలా) పలికితే మొదటి మోడ్ విషయంలో ఒకదాని పనిని రెండోది కొట్టేస్తుంది.

కానీ రిసీవర్‌లోని ఆటో కాలిబ్రేషన్ (మైక్‌తో కొలిచి స్పీకర్లను తనే సర్దే ఏర్పాటు), వెనక సబ్ నా సీటుకు 2.5 మీటర్లు దగ్గరగా ఉందని గమనించి దానికి 7.3 మిల్లీసెకన్ల డిలే, అంటే ఆలస్యం, పెట్టింది. దూరం లెక్క సరైనదే. అయితే 34 హెర్ట్జ్ దగ్గర 7.3 మిల్లీసెకన్లంటే సుమారు 90 డిగ్రీల ఫేజ్ తేడా, అంటే ఒక తరంగం రెండోదానికంటే పావు చుట్టు వెనకబడటం. అంత తేడా ఉంటే ఆ మోడ్ ఒక్క సబ్‌తో రేగేదానికంటే ఎక్కువగానే రేగుతుంది. రెండోది ఉన్నా లేనట్టే!

ఆర్‌ఈడబ్ల్యూ అనే కొలత సాఫ్ట్‌వేర్, యూమిక్-1 మైక్‌తో కొలిచాకే ఇది బయటపడింది. మినీడీఎస్పీ అనే సిగ్నల్ సర్దే పరికరంలో ఆ డిలే సున్నా చేసి, రెండింటినీ ఒకే సబ్‌గా లెక్కగట్టి, 80 హెర్ట్జ్ క్రాసోవర్ (సబ్‌లు ఆగి ముందు స్పీకర్లు అందుకునే చోటు) దగ్గర ముందు స్పీకర్లతో కలిసేలా జత మొత్తానికి డిలే సర్దాను. ఈక్యూ (ఏ పౌనఃపున్యం ఎంత పలకాలో పెంచి, తగ్గించే సర్దుబాటు) కూడా రెండూ కలిసి మోగుతుండగా కొలిచే పెట్టాను. సీట్ల మధ్య తేడా 4 డెసిబెల్స్‌కు దిగింది. డబుల్ బేస్ వాయిద్యంలో ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినబడటం నా గదిలో అదే మొదటిసారి.

68 దగ్గర ధ్వని పడిపోయే గొయ్యి మాత్రం ఈక్యూకు లొంగలేదు. సోఫా అప్పట్లో వెనక గోడ నుంచి 1.25 మీటర్ల దూరంలో, అంటే సరిగ్గా ఆ మోడ్ శూన్యంలో (దాని ధ్వని దాదాపు వినబడని చోట) ఉండేది. 9 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ మీద ఎనిమిది రెట్ల భారం పడిందే తప్ప గొయ్యి పూడలేదు. సోఫాను 40 సెంటీమీటర్లు ముందుకు జరిపాక పూడింది.

ఈ అమరికలో పోయేది కూడా ఉంది. 34 చుట్టుపక్కల గది నుంచి ఊరికే వచ్చే బలం ఉండదు, ఆ లోటును సబ్‌లే భరించాలి. నావి 12 అంగుళాలవి, సరిపోతున్నాయి. 8 అంగుళాల జతతో అయితే ఇదే చేయమని చెప్పను.